పాట చివరి గొంతు

బతికి ఉన్న మనిషిని చనిపోయినట్టు అచ్చు వేయించిన తప్పు నాది. ఉద్యోగంలో చేరిన ఆరో నెలలో జరిగింది. బెంగళూరులో రాక్ బ్యాండ్ల గురించి ఇంగ్లీషులో వచ్చే ఒక చిన్న మాసపత్రికలో, వ్యాసాల్లోని వివరాలు నిజమో కాదో సరిచూడటం నా పని. ఒక పాత డ్రమ్మర్ పేరు ముందు రచయిత ‘కీర్తిశేషులు’ అని రాస్తే, రాసినాయనకు తెలియదా అనుకొని వదిలేశాను. పత్రిక వచ్చిన మూడో రోజు ఆ డ్రమ్మర్ భార్య ఫోన్ చేసింది. ఎత్తింది నేనే. ఆమె తిట్టలేదు. "మా ఆయన ఇక్కడే కూర్చొని కాఫీ తాగుతున్నారు, మాట్లాడతారా?" అని అడిగింది.

తర్వాతి సంచికలో క్షమాపణ వేశారు. మా ఎడిటర్ యాభై దాటిన కన్నడావిడ. అందరం మేడమ్ అనేవాళ్ళం. ఆవిడ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసి, "ఇలాంటిది ఒకసారి జరుగుతుంది. రెండోసారి జరిగితే నేను నిన్ను కాపాడలేను" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

అప్పటినుంచి నాకు భయం పట్టుకుంది. తమిళనాడు సరిహద్దులోని హోసూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. సాయంత్రం తిరుగు ప్రయాణంలో అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగేసరికి, పొద్దున సరిచూసిన పేజీలో ఏదో ఒక సంవత్సరం తప్పు పోయిందేమో అనిపించేది. రెండుసార్లు అక్కడే దిగి, ఎదురు బస్సెక్కి ఆఫీసుకు వెనక్కి పోయాను. రెండుసార్లూ తప్పేమీ లేదు.

మాది కెలమంగలం పక్క ఊరు. మా తాతలు గొర్రెలు మేపుకున్నవాళ్ళు. నాన్నకు ఇంజన్ భాగాలు చేసే ఫ్యాక్టరీలో పని దొరికాక హోసూరు బస్టాండు వెనక వీధికి వచ్చేశాం. రాక్ పాటల గురించి నాకేమీ తెలియదు. నాకు ఆ ఉద్యోగం ఇచ్చింది తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు నాలుగూ వచ్చని, ఎవరికైనా ఫోన్ చేసి విసుగు లేకుండా అడగగలనని. పద్ధతి కూడా కష్టమైనదేమీ కాదు. వాస్తవం ఉన్న ప్రతి మాట కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీయాలి. ఒక ఆధారం దొరికితే ఒక టిక్కు, రెండోది దొరికితే ఇంకో టిక్కు. రెండు టిక్కులు లేని గీత అచ్చుకు పోకూడదు.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. ఒక మంగళవారం నా బల్ల మీదికి ముఖచిత్ర వ్యాసం వచ్చింది. తొంభైల చివర్లో ఒక బెంగళూరు బ్యాండ్ చేసిన పాట గురించి. ఆ పాట వీడియో అప్పట్లో టీవీలో రోజుకు నాలుగైదుసార్లు వచ్చేది. వీడియో అంతా ఒక గ్రానైట్ క్వారీలోనే. నల్ల చొక్కాలు వేసుకున్న నలుగురు పెద్ద పెద్ద రాతి దిమ్మెల మీద నిలబడి వాయిస్తుంటారు. పాట అయిపోయి గిటార్ మోత సన్నగిల్లాక, దూరంగా కొండ అంచున ఒక ముసలామె మసకగా కనిపిస్తుంది. పది పన్నెండు సెకన్లు ఆమె గొంతు వినిపిస్తుంది. సాగదీసిన, పగిలిన గొంతు. అంతటితో పాట ఆగిపోతుంది. ఆ గొంతు వల్లే పాటకు అంత పేరు వచ్చిందనేవాళ్ళు.

వ్యాసం రాసింది ఇరవై ఏళ్ళుగా సంగీతం గురించి రాస్తున్న పెద్దాయన. చివర్లో ఇలా ఉంది: ఆ గొంతు కృష్ణగిరి కొండల్లోని ఒక గిరిజన స్త్రీది. చనిపోయిన కూతురి కోసం ఆమె పాడిన శోకగీతం అది. షూటింగ్ అయిన వారానికే ఆమె కూడా కన్నుమూసింది.

మూడు వాక్యాల కింద ఆరు ఎర్ర గీతలు పడ్డాయి. మిగతా వ్యాసమంతా మధ్యాహ్నానికి తేలిపోయింది. పాట ఏ స్టూడియోలో రికార్డు చేశారు, వీడియో ఎవరు తీశారు, బ్యాండ్‌లో ఎవరు ఎప్పుడు చేరారు, అన్నిటికీ రెండేసి టిక్కులు పడ్డాయి. ‘కన్నుమూసింది’ అనే మాట దగ్గరే నా పెన్సిల్ ఆగిపోయింది.

రచయితకు ఫోన్ చేశాను. "ఆ పాట పాడినాయనే టీవీలో చెప్పాడమ్మా. లోకమంతటికీ తెలిసిందే. నువ్వు కొత్తా?" అన్నాడు.

గాయకుడికి చేశాను. మర్యాదగా మాట్లాడాడు. "మాకు మా కెమెరామన్ చెప్పాడు" అన్నాడు.

కెమెరామన్ మద్రాసులో దొరికాడు. "నేను చెప్పానా? నాకు గుర్తులేదే. సౌండ్ రికార్డు చేసినతను అని ఉంటాడు. ఆమె చచ్చిపోయేట్టు ఏడుస్తోంది అని ఆ రోజు ఎవరో అన్నట్టు మాత్రం గుర్తు" అన్నాడు.

సౌండ్ అతను ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఎవరికీ తెలియదు. చచ్చిపోయేట్టు ఏడవడం వేరు, చచ్చిపోవడం వేరు. ఆ తేడా ఎవరి దగ్గర చెరిగిపోయిందో తెలియడం లేదు. శుక్రవారం సాయంత్రం పేజీలు ప్రెస్సుకు పోవాలి.

ఆ మంగళవారం రాత్రి పాట క్యాసెట్టు ఇంటికి తెచ్చుకున్నాను. వంటింట్లో అమ్మ నానబెట్టిన అనపగింజల తొక్క పితుకుతోంది. టేప్‌రికార్డర్ గడప దగ్గర పెట్టి ఆ చివరి ముక్కను మళ్ళీ మళ్ళీ తిప్పి వింటున్నాను. నాలుగోసారికి అమ్మ చెయ్యి ఆపింది.

"ఇంగోతూరి పెట్టు పాపా" అంది.

పెట్టాను.

"ఇది మన మాటే కదా. ఈ గలాటాలోకి ఈయమ్మ యాడ నుంచి వచ్చింది?"

ఆ గొంతుకు ప్రతిధ్వని కలిపారు, వెనక గాలి మోత ఉంది, ఆఫీసులో అందరూ ఏదో గిరిజన భాష అనేవాళ్ళు. నేనూ అదే చెవితో విన్నాను. అమ్మ ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పాక, నా ఇంటి మాటే నాకు వినపడింది. "బ్బా... బ్బా... యాడుండావే తల్లీ... పొద్దు గూకె... రావే నా తల్లీ..."

"కూతురు చచ్చిపోతే ఏడుస్తోందంట మా" అన్నాను.

"ఎవురు చెప్పినారు నీకు? గొర్రి తప్పిపోయింది ఆయమ్మకి. మీ జేజి ఇట్లే పిలస్తా ఉండె. చచ్చిపోయినోళ్ళని పొద్దు గూకె రావే అని ఎవురన్నా పిలస్తారా?"

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అమ్మ చెప్పింది నిజమైతే ముఖచిత్ర వ్యాసం ముగింపే తప్పు. అమ్మ చెప్పింది తప్పైతే, పెద్దాయన రాసినదాన్ని మా ఇంటి వంటగదిలో విన్న మాటతో కొట్టేసినదాన్నవుతాను.

బుధవారం పొద్దున మేడమ్ దగ్గర నిలబడి అంతా చెప్పాను. ఆవిడ విని, "మీ అమ్మ ఎన్నేళ్ళు గొర్రెలు మేపింది?" అని అడిగింది.

"పెళ్ళయ్యేదాకా."

"నేను నమ్ముతాను. కానీ మీ అమ్మ ఆధారం కాదు. ఆమె అక్కడ లేదు. అక్కడున్న మనిషిని పట్టుకురా. లేకపోతే గాయకుడు టీవీలో చెప్పినట్టు అని రాసి వదిలేద్దాం."

"ఆమె బతికుంటే మేడమ్?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. మా ఇద్దరికీ ఆ డ్రమ్మర్ భార్య గుర్తొచ్చిందనుకుంటాను. "రేపు సెలవు తీసుకో" అంది.

ఆ సాయంత్రమంతా ఆఫీసు టీవీలో వీడియో క్యాసెట్టు ఆపుతూ, నడుపుతూ చూశాను. ఆపితే బొమ్మ మీద తెల్లటి చారలు వచ్చేవి. గిటార్ అతను గెంతేటప్పుడు అతని మోకాళ్ళ వెనక, ఒక్క క్షణం, సున్నం కొట్టిన గోడ మీద తమిళ అక్షరాలు కనిపిస్తాయి. ముందు సగం రాయి వెనక పోయింది. మిగిలింది ‘త్తూరు పంచాయతీ’ అన్నంత వరకే. కృష్ణగిరి చుట్టుపక్కల అలాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. క్వారీలున్న వైపు మత్తూరే ఎక్కువ కుదిరింది. కుదిరింది అనుకోవడమే, టిక్కు పెట్టేంత కాదు.

గురువారం తెల్లవారగానే అమ్మా నేనూ బయల్దేరాం. నేను ఒక్కదాన్నే పోతే ఊళ్ళో ఎవరూ నోరు విప్పరని అమ్మే వస్తానంది. బ్యాగులో వాక్‌మన్, క్యాసెట్టు, నోటుబుక్కు. శూలగిరి దాటాక అమ్మ నా చెయ్యి పట్టుకొని నోటి దగ్గర్నుంచి కిందికి దించింది. గోళ్ళు కొరుకుతున్నానని నాకు తెలియనే లేదు.

కృష్ణగిరిలో బస్సు మారి మత్తూరు దారిలో దిగాం. మొదటి ఊళ్ళో ఎవరికీ తెలియదు. రెండో చోట రోడ్డు పక్క టీ అంగడి నడిపే ఆమె తెలుగులోనే పలికింది. అమ్మ టీ చెప్పి, తీరిగ్గా అడిగింది.

"నాలుగైదేండ్ల కింద ఆ పక్క క్వారీలో ఎవురో డ్రమ్ములు పెట్టుకోని పాట తీసినారంటనే?"

"తీసినారు, తీసినారు. నల్ల షర్టులేసుకోని. మూడు దినాలు చెవులు పగిలిపోయె."

"ఆడ గొర్రెలు మేపతా ఉన్న ముసలమ్మ ఒగామె..."

"ఓ, ఆయమ్మా? ఆయమ్మ పోయింది కదమ్మా."

వచ్చిన పని అయిపోయిందనిపించింది. రచయిత రాసిందే నిజం, అమ్మదీ నాదీ అనవసరపు ప్రయాసే. సిగ్గుతో పాటు కొంచెం నిమ్మళం కూడా కలిగింది. ఆ నిమ్మళం గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

అమ్మ మాత్రం టీ తాగుతూనే, "యాడికి పోయింది?" అంది.

"చేనికాడికి. గడ్డి కోసుకోని ఇంత సేపటికి వచ్చేస్తాది. ఆ పెంకుల ఇల్లు, కూర్చోండి పొండి."

మేము ఆ ఇంటి ముందు అరుగు మీద అరగంట కూర్చున్నాం. దడిలో పది పన్నెండు గొర్రెలున్నాయి. నెత్తిన గడ్డిమోపు, చేతిలో కొడవలితో ఒక బక్కపలచని అవ్వ వచ్చింది. రెండు ముక్కుపుడకలు, తెల్లజుట్టు. మోపు దించి మమ్మల్ని కళ్ళు చికిలించి చూసింది.

"ఎవురమ్మా మీరు? యాడ నుంచి వస్తిరి?"

అమ్మ తన పుట్టింటి ఊరు చెప్పింది, మా తాత సంగతి చెప్పింది. ఇద్దరూ కలిసి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో వెతుక్కున్నారు. వాళ్ళూ మాలాగే గొర్రెలు మేపుకునే కులమేనని తేలింది. అవ్వ లోపలికి పోయి రెండు లోటాల మజ్జిగ తెచ్చింది. ఆ తర్వాతే నేను వాక్‌మన్ తీశాను. ఎలా చెప్పాలో రాత్రంతా అనుకున్న మాటలన్నీ పోయాయి. "అవ్వా, ఒక పాట వింటావా?" అన్నాను.

ఆమె చెవులకు అది తగిలించి పాట చివరి నిమిషం పెట్టాను. ఉలిక్కిపడింది.

"ఏందమ్మా ఇది, చెవిలో రాళ్ళు పగలగొట్టినట్ల ఉండాది!"

తర్వాత గిటార్లు తగ్గి ఉంటాయి. ఆమె చెయ్యి గడ్డిమోపు మీద ఆగిపోయింది. అయిపోయినా చెవుల నుంచి తీయలేదు. నేను ఆపాను.

"నేనే" అంది.

"ఎవరిని పిలుస్తున్నావవ్వా?"

"ఎవురినేంది, నా గొర్రిని. నెలలు నిండినాయి దానికి. వాళ్ళు డబడబా కొట్టేది మొదులుబెట్టంగానే మంద చెదిరిపాయ. అన్నీ వచ్చినాయి, అదొగటే రాలేదు. పొద్దు గూకే దంకా పిలస్తానే ఉంటి. ఒగాయన కట్టెకు కుక్కతోక మాదిరి ఏదో కట్టుకోని నా ముందర నిలబడె. గొర్రెల్ని తోలేదానికేమో అనుకొంటి. నా గొర్రిని చూస్తివా అప్పా అంటే, నోటిమింద వేలు పెట్టుకోని ఊరుకో అన్నె."

ఆ కుక్కతోక సౌండ్ అతని మైకు అయ్యుంటుంది. నేను గబగబా రాసుకుంటున్నాను. "దొరికిందా?"

"మర్నాడు దొరికె. క్వారీ గుంతలో పడుండె. అది పోయింది. పక్కన పిల్ల ఉండె, తడి కూడా ఆరలా. సీసాతో పాలు పోసి సాకితి. దాని పిల్లలే ఈ రెండూ."

"ఏడ్చినావా అవ్వా?"

"ఏడవకుండా ఉంటానా?"

"చనిపోయిన కూతురి కోసం ఏడ్చినావని రాస్తున్నారు."

"నాకు కూతుర్లు యాడుండారు? ఇద్దరూ కొడుకులే."

ఒక్కొక్క ఎర్రగీతా ఎగిరిపోతోంది. గిరిజన స్త్రీ కాదు, కూతురు లేదు, శోకగీతం కాదు, చనిపోలేదు. సరిగ్గా పట్టుకున్నానని నాకు సంతోషంగా ఉంది. అంతలో అవ్వ వాక్‌మన్ వైపు చూసి అడిగింది.

"ఇది ఎంతమంది వింటారమ్మా?"

"చాలామంది అవ్వా. టీవీలో కూడా వచ్చింది."

ఆమె మొహం మారిపోయింది. అప్పుడే పెద్దకొడుకు సైకిల్ దిగి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. విషయం తెలియగానే నా చేతిలోని నోటుబుక్కు వైపు చూశాడు.

"ఏం రాస్తా ఉండావమ్మా అందులో? మా ఊరి పేరు రాసినావా?"

"ఇంకా రాయలేదన్నా."

"రాయొద్దు. ఆ క్వారీలోకి గొర్రెలు తోలొద్దని దాన్ని గుత్తకు పట్టుకున్నోళ్ళు అప్పుటికే రెండుసార్లు చెప్పినారు. యాడుండాది మాకు ఇంగోచోటు? ఇప్పుటికీ ఆడికే తోలుకోని పోతాము. టీవీలో వచ్చిందని, పేపర్లో వచ్చిందని తెలిస్తే ఊరుకుంటారా? ఉన్న ఈ నాలుగు గొర్రెలూ పట్టుకోని పోతారు."

నేను తప్పించుకోవాలని, "మేము చెడ్డగా ఏమీ రాయట్లేదన్నా. పైగా అవ్వ చనిపోయిందని తప్పుగా ఉంటే, దాన్ని సరిచేయడానికే వచ్చాను" అన్నాను.

"సచ్చిపోయిందనా?" అతని గొంతు లేచింది. "బతికుండేదాన్ని సచ్చిపోయిందని ఎట్ల రాస్తారు? మీకు అమ్మా అబ్బా లేరా?"

ఏ మాట కోసమైతే ఇంత దూరం వచ్చానో అదే మాట నేనే వాళ్ళ ఇంటి ముందు నిలబడి అన్నాను. అవ్వ చెయ్యి ఎత్తి కొడుకును ఆపింది.

"రాసుకోనీలేప్పా" అంది. తర్వాత నావైపు తిరిగి, "అట్లే ఉండనీమ్మా. సచ్చిపోయినదాన్ని వెతుక్కోని ఎవురూ రారు" అంది.

వేళాకోళానికి అనలేదు. నన్ను బతిమాలుతోంది. అమ్మే లేచి అవ్వ చేతులు పట్టుకుంది. "ఊరి పేరు రాయదక్కా. నీ పేరూ రాయదు. నాది పూచీ" అంది. కొడుకు నోటుబుక్కు అడిగాడు. రాసిన పేజీలు రెండూ నేనే చింపి అతని చేతికిచ్చాను.

తిరుగు ప్రయాణంలో, కృష్ణగిరిలో హోసూరు బస్సెక్కాక అమ్మ అడిగింది.

"ఆయమ్మ భయానికి అన్నింది. నువ్వు నిజింగా సచ్చిపోయిందనే రాసేస్తావా?"

"ఏం రాయాలో తెలీలేదమ్మా. నిజం రాస్తే ఆమెకు కష్టం. అబద్ధం రాస్తే..."

"రెండూ రాయకుండా ఉండేదానికి చేతకాదా నీకు?"

శుక్రవారం నేను పోయేసరికి మేడమ్ బల్ల మీద ఆఖరి ప్రూఫులున్నాయి. తలుపు నేనే వేశాను.

"దొరికిందా?"

"దొరికింది మేడమ్. అది గొర్రెను పిలిచిన పిలుపే. కూతురు లేదు. మిగతావీ తప్పే."

"ఎవరు చెప్పారు?"

"ఆమే."

మేడమ్ కళ్ళజోడు తీసింది. "అంటే బతికే ఉంది. పేరు?"

"చెప్పలేను."

"ఊరు?"

"మాటిచ్చాను మేడమ్. చెప్పలేను. ఆమె బతికున్నట్టు కూడా రాయకూడదు."

"రాసుకున్న కాగితాలు?"

"చింపి ఇచ్చేశాను."

ఆవిడ కళ్ళజోడు బల్ల మీద పెట్టింది. ఉద్యోగం పోతే నాన్నకు ఏం చెప్పాలో అప్పుడే అనుకోవడం మొదలుపెట్టాను.

"పోయినసారి నువ్వు ఎవరినీ అడగకుండా నమ్మావు. ఈసారి నన్ను అడగకుండా నమ్మమంటున్నావు" అంది.

"అవును మేడమ్."

"ఒక్కటి చెప్పు. ఆమెను నీ కళ్ళతో చూశావా?"

"చూశాను. మజ్జిగ ఇచ్చింది."

మేడమ్ ఫోన్ తీసి రచయితకు చేసింది. ఆయన అరుపు నాక్కూడా వినిపించింది. ఆ చివరి పేరా లేకపోతే తన వ్యాసమే లేదన్నాడు. ఆ హోసూరు పిల్లకు రాక్ గురించి ఏం తెలుసన్నాడు. మేడమ్ అంతా విని, "రాక్ గురించి తెలియదు, గొర్రెల గురించి తెలుసు" అని ఫోన్ పెట్టేసింది. మూడు వాక్యాలూ కొట్టేసి, వాటి చోట ఒక్కటి రాసింది: పాట చివర వినిపించేది, తప్పిపోయిన గొర్రెను పిలుస్తున్న ఒక స్త్రీ గొంతు. అందులో కృష్ణగిరి అన్న మాట కూడా రానివ్వలేదు. కింద ఎర్రగీత గీసి, పెన్సిల్ నాకిచ్చింది.

ఒక టిక్కు పెట్టాను. ఆవిడ నావైపే చూస్తోంది.

"రెండోది ఎవరు?"

"మా అమ్మ" అన్నాను.

"పెట్టు" అంది.

పత్రిక వచ్చాక నా భయం తగ్గలేదు, ఇంకోలా మారింది. ఎవరైనా ఆ వీడియో నాలాగే ఆపి ఆపి చూస్తే? గోడ మీద ఆ సగం మాట చదివితే? కొన్ని వారాలు ఆఫీసుకు వచ్చిన ప్రతి ఉత్తరం నేనే ముందు చించి చూశాను. చాలామంది కోపంగా రాశారు. పాటను చంపేశారని ఒకరు, ఇన్నేళ్ళు గొర్రె కోసం కన్నీళ్ళు పెట్టుకున్నామా అని ఇంకొకరు. ఎవరూ ఊరి సంగతి ఎత్తలేదు. ఆ రచయిత మళ్ళీ మా పత్రికకు రాయలేదు.

నెల తర్వాత గాయకుడు ఫోన్ చేశాడు.

"ఆమె బతికే ఉందా?" అని అడిగాడు, పలకరింపు కూడా లేకుండా.

"ఆ విషయం వ్యాసంలో లేదు సార్."

"లేదని తెలుసు. అందుకే అడుగుతున్నాను. ప్రతి కచేరీలో ఆమె ఆత్మశాంతి కోసం ఒక నిమిషం నిలబడుతున్నాం మేము."

ఉంది అంటే మర్నాడే కారు వేసుకొని పోతాడు. లేదు అనడానికి నోరు రాలేదు.

"నేను చెప్పలేను సార్."

ఇంకోసారి అడుగుతాడనుకున్నాను.

"సరే. గొర్రె దొరికిందా?"

"మర్నాడు దొరికింది. చచ్చిపోయింది. ఈనిన పిల్ల బతికింది."

"మా చప్పుడుకేనా పారిపోయింది?"

"అవును సార్."

థాంక్స్ అని పెట్టేశాడు. ఆ తర్వాత వాళ్ళ కచేరీకి పోయివచ్చిన మా ఆఫీసు అమ్మాయి, ఇప్పుడు ఆ నిమిషం నిలబడటం లేదని చెప్పింది.

కొన్నేళ్ళకు ఆ పత్రిక మూతపడింది. నేను హోసూరులోనే ఒక కంపెనీకి అనువాదాలు చేసే పనిలో చేరాను. ఒకరోజు ఇంటర్నెట్‌లో, ఎవరైనా రాయగలిగే ఒక విజ్ఞానకోశంలో ఆ పాట గురించి పేజీ కనిపించింది. ఆ పాత మూడు వాక్యాలూ అలాగే ఉన్నాయి. కింద ఆధారంగా గాయకుడి టీవీ ఇంటర్వ్యూ చూపించారు. నేను తీసేశాను. రెండు రోజులకు మళ్ళీ వచ్చి చేరాయి. ‘ఆధారం లేకుండా తొలగించవద్దు’ అని ఎవరో రాశారు. మా పత్రిక సంచిక వివరాలిచ్చాను. అది ఎక్కడా దొరకదు, నిర్ధారించలేం అన్నారు. ‘మీకెలా తెలుసు?’ అని అడిగారు. జవాబు టైపు చేసి చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను. ఆ పెట్టెలో నేను ఏ నిజం రాసినా అది ఆ పెంకుటిల్లు దాకా దారి చూపిస్తుంది.

వారం రోజులు ఆలోచించి, వేరే విధంగా అడిగాను. ఆ ఇంటర్వ్యూ మీరు పూర్తిగా చూశారా, గాయకుడు ‘ఆమె చనిపోయింది’ అన్నాడా, ‘చనిపోయిందని విన్నాను’ అన్నాడా అని. ఆ మనిషి ఎవరో గానీ నిజాయితీపరుడు. చూసి వచ్చి, ‘మీరు చెప్పింది సరే, విన్నాను అనే అన్నాడు’ అని రాశాడు. వాక్యాలు మార్చాడు. ఆమె గిరిజన స్త్రీ అనీ, కూతురి కోసం ఏడ్చిందనీ, తర్వాత చనిపోయిందనీ తాను విన్నట్టు గాయకుడు ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు అని పెట్టాడు.

అలా రాస్తే అందులో తప్పేమీ లేదు. అతను విన్నాడు, చెప్పాడు. ఆ రెండింటికీ ఆధారాలున్నాయి. నేను దాన్ని ముట్టుకోలేదు. అమ్మకు తెలుగులో చదివి వినిపిస్తే, "ఎవురో ఏదో విన్నారంట, అంతే కదా? ఉండనీ" అంది.

ఆదివారం పూట ఆ పేజీ ఒకసారి తెరిచి చూస్తాను. ఎవరైనా ఏదైనా ఊరి పేరు చేర్చారేమోనని. ఇంతవరకూ ఎవరూ చేర్చలేదు.